చప్పుడు చేయని బడి బండి

మా బడి ఆటో నడిపే ఆయన పేరు బ్రహ్మచారి, ఇంట్లో నలుగురు పిల్లలు. మా స్టాఫ్ రూములో ఆ మాట అని ఏడిపించని వాళ్లు లేరు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేనైతే ఊరుకునే రకాన్ని కాదు. సీతాఫల్‌మండి దగ్గర సర్కారు ప్రాథమిక బడికి హెడ్మిస్ట్రెస్‌ని. ఆలిస్ టీచర్ నోట్లో పడకూడదని పిల్లలే కాదు, వాళ్ల నాన్నలు కూడా పక్క సందులోంచి తప్పుకుంటారు. అలాంటి నా నోరు ఒక వారం అన్యాయంగా లేచింది.

చిలకలగూడ వెనక ఒక ఇరుకు గల్లీ నుంచి పందొమ్మిదేళ్లుగా బ్రహ్మచారే మా పిల్లల్ని డీజిల్ ఆటోలో తెచ్చేవాడు. రెండు ట్రిప్పులు, ఇరవై నాలుగు మంది. అబ్బబ్బ, ఆ పొగ! మా గేటుకు ఏ రంగు వేసినా ఏడాదికల్లా నల్లబడేది. ఒకటో తరగతి పిల్లలు చొక్కా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగేవారు. ప్రార్థన అయ్యేదాకా బ్రహ్మచారి గేటు బయట దగ్గుతూనే ఉండేవాడు.

ఆ గల్లీలో మగవాళ్లు చాలామంది రైల్వే స్టేషన్లో నైట్ డ్యూటీ చేసి, తెల్లారాక ఇంటికొచ్చి పడుకుంటారు. అందుకని పొద్దున పూట అక్కడ ఎవరూ హారన్ కొట్టకూడదు. కూరగాయల బండి వాడు కూడా అరవడు. బ్రహ్మచారి ఆ కట్టుబాటు తప్పలేదు.

పోయిన జూన్‌లో బస్తీ బడులకు సర్కారు ఖర్చుతో కరెంటు బండ్లు ఇచ్చే పథకం వచ్చింది. మా బడికి ఇరవై నాలుగు సీట్ల వ్యాను దక్కింది. నడపడానికి బ్రహ్మచారినే తీసుకున్నారు, కాకపోతే పాత ఆటోను తుక్కుకు అప్పగించాలి. దానికి చివరిసారి కుంకుమబొట్టు పెట్టి, కళ్లు తుడుచుకుని ఇచ్చేశాడు. మూడు వారాలు శిక్షణకు వెళ్లాడు. కాగితంలో ఇంకో షరతు ఉంది: వ్యాను తిరిగే మొదటి శుక్రవారం తనిఖీకి వస్తారు, ఆ రోజు పద్దెనిమిది మందికి తగ్గితే వ్యాను వేరే బస్తీకి పోతుంది. పోతే పిల్లలకు నడక, ఆయన ఇంట్లో కూర్చోవడం. వెనక్కి వెళ్లడానికి ఆటో కూడా లేదు.

సోమవారం నలుగురు వచ్చారు. మంగళ, బుధవారాల్లో ముగ్గురేసి.

“పది నిమిషాలు నిలవడ్డ టీచరమ్మా, ఎవ్వరు వస్తలేరు. బ్యాటరీ పేలుతదని భయపడుతున్నరో ఏమో” అన్నాడు బ్రహ్మచారి. ముఖం వాడిపోయింది.

మిగతావాళ్లు గంట ఆలస్యంగా నడిచొచ్చి, “బండి రాలే టీచర్” అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఎంత అబద్ధం! వరసగా నిలబెట్టి చెడామడా తిట్టాను. మూడో తరగతి హదస్సా వెక్కుతూ, “ప్రామిస్ టీచర్, మస్తు సేపు చూసినం” అంది. నేను వినలేదు.

గురువారం పొద్దున నేనే ఆ గల్లీకి వెళ్లాను. మలుపు దగ్గర వ్యాను నిలబడి ఉంది, సీట్లో బ్రహ్మచారి ఉన్నాడు. ఇళ్ల తలుపులన్నీ మూసి ఉన్నాయి. నేరుగా హదస్సా వాళ్లింట్లోకి దూరాను. పిల్ల బ్యాగు తగిలించుకుని, బూట్లేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది. వాళ్లమ్మ కాంతమణి జడ వేస్తోంది.

“ఏంటమ్మా ఇది? బయట బండి పెట్టుకుని...”

“మెల్లగ టీచర్, మెల్లగ! మా ఆయన గిప్పుడే డ్యూటీ దిగి పండుకున్నడు. బండి ఏడున్నది? చప్పుడు ఇనవడంగనే పంపుదామని రోజు తయారు జేసి కూసోవెడుతున్న. గిట్ల పరేషాన్ జేస్తే ఎట్ల?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ గల్లీలో పందొమ్మిదేళ్లుగా తల్లులు గడియారం చూసుకోలేదు. పిండి గిర్ని మలుపులో ఆటో డబడబ వినపడితే తలుపు తీసి పిల్లల్ని వదిలేవారు. కొత్త బండి పిల్లిలా వచ్చి, నిలబడి, వెళ్లిపోతోంది. ఎక్కిన ఆ ముగ్గురు నలుగురూ మలుపులోనే ఇళ్లుండి కళ్లతో చూసినవాళ్లే. హదస్సా ముందు కూర్చుని, “తప్పు నాదేనమ్మా” అన్నాను. ఆ మాట నా నోట రావడం నాకే కొత్త.

చెప్తే బ్రహ్మచారి నెత్తి కొట్టుకున్నాడు. “ఓర్నీ! నాకు సుత తట్టలే చూడున్రి.”

“రేపు తనిఖీ. ఒక్కసారి హారన్ కొట్టవయ్యా.”

“కొట్ట టీచరమ్మా. పండుకున్నోళ్లను లేపుడు ఎందుకు? నా కాళ్లకేం రోగం?”

శుక్రవారం అరగంట ముందే వచ్చాడు. మోకాళ్లు పట్టుకుంటూ ప్రతి గడపకూ వెళ్లి, వేలితో మెల్లగా తలుపు తట్టాడు. తనిఖీకి వచ్చిన సృజన మేడమ్, నేను వ్యానులో కూర్చుని లెక్కపెట్టాం. పది, పదిహేను... పద్దెనిమిదో పిల్లవాడు ఎక్కగానే మేడమ్‌కి వేలెత్తి చూపించాను. మొత్తం ఇరవై రెండు. మేడమ్ రాసుకుని సంతకం పెట్టింది. వ్యాను మాదే.

బండి కదిలింది. మెయిన్ రోడ్డు ఎక్కకముందే బ్రహ్మచారి పక్కకు తీసి ఆపేశాడు.

“ఏమైంది? బ్యాటరీనా?” అన్నాను కంగారుగా.

ఆయన వెనక్కి చూడలేదు. “ఏం కాలే. పోరగాండ్లు ముచ్చట పెడుతున్నరు. పందొమ్మిదేండ్ల సంది నా ఎనక కూసుంటున్నరు, ఆ డబడబల ఒక్క మాట ఇనలే. గా హదస్సా ఏదో కథ చెప్తుంది. రోడ్డెక్కితే ఇనవడది. జెర ఆగున్రి, అయిపోనియ్యున్రి.”

ప్రార్థన బెల్లుకు ఐదు నిమిషాలే ఉంది. నేను నోరెత్తలేదు. ఆ రోజు అందరం కలిసి ఆలస్యంగా వెళ్లాం.