రాతి తొట్టిలో ఆముదపు కొమ్మలు

1984 ఈస్టరుకు ముందురోజు ఉదయం జీవరత్నం ఆళ్లగడ్డ శిల్పుల వీధి నుంచి ఒక రాతి తొట్టిని గోనెసంచిలో చుట్టి నెత్తిన మోసుకొచ్చింది. గుండ్రంగా ఉంది. నడుమ గుంట, ఒక పక్కకు సాగిన మూతి. శిల్పి మౌనాచారి చెక్కుతుండగా అంచు చీలింది.

"పగిలింది ఇంక పనికిరాదమ్మా. ఏమన్నా చేసుకో," అన్నాడు. ఆ మూతి దేనికో ఆయన చెప్పలేదు. పాత నీళ్లు వంచడానికి బాగుంటుందని ఆమె అనుకుంది.

జీవరత్నం పుట్టింది రుద్రవరంలో. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో ఆయాగా పన్నెండేళ్లు చేసింది. భర్త పోయాక ఆళ్లగడ్డ వచ్చి బడిలో పిల్లలకు ఉప్మా వండుతోంది. పేటలోని చిన్న చర్చిలో శనివారం శనివారం బల్ల మీద పూలు అమర్చేది ఆమే. తొమ్మిదేళ్లుగా చర్చి తాళంచెవి ఆమె కొంగున ఉంది. జీతం లేదు. ఆమెను నలుగురిలో ఒక మనిషిగా నిలబెట్టింది ఆ పనే.

మల్లెలు కొనే స్తోమత లేదు, ఎండాకాలం చెట్లకు పోయడానికి నీళ్లూ ఉండవు. జొన్నకంకులు, ఎర్ర ఆముదం ఆకులు, ఉత్తరేణి వెన్నులు తెచ్చేది. కరెంటువాళ్లు స్తంభాల మీంచి తీసి పారేసిన పింగాణీ గిన్నెల్లో, మెడ విరిగిన కూజాల్లో వాటిని నిలబెట్టేది.

"ఆవు లోపలికొస్తే ఎవురు తోల్తారు జీవరత్నమ్మా?" అని సంఘంలోని ప్రమీలమ్మ నవ్వేది. నవ్వుతూనే ముందు వరసలో కూర్చునేది.

ఈస్టరుకు ఆ రాతి తొట్టిలో ఎర్ర ఆముదపు కొమ్మలు నిలబెట్టి బల్ల మీద పెట్టింది. ఉదయం సంఘపెద్ద జ్ఞానప్రకాశం బల్ల ముందు ఆగాడు.

"ఏందీ ఇది?"

"తొట్టన్నా. ఆచారి ఇచ్చినాడు."

"తొట్టి కాదు, పానవట్టం. శివలింగానికి పీఠం ఇది."

"నాకు తెలీదన్నా. తీసేస్తా."

తీసేసింది. ఆ రోజు ఆరాధన ఖాళీ బల్ల ముందు జరిగింది. తర్వాత పెద్దలు ఆమెను పిలిపించారు. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి పాపం చేశానని ఒప్పుకోవాలన్నారు.

"తెలీక చేసినా అని చెప్తా. పాపం చేసినా అని చెప్పను."

"మాటకు మాట చెప్తాండావే," అన్నాడు జ్ఞానప్రకాశం.

"ఉన్నది చెప్తాండానన్నా. తొమ్మిదేండ్లలో ఒక్క వారమన్నా బల్ల ఎండబెట్టినానా?"

"తాళంచెవి ఆడ పెట్టు."

పెట్టింది. మధ్యాహ్నం రాయిని మోసుకెళ్లి మౌనాచారికి అప్పగించింది.

"నీకు తెలుసనుకున్నానమ్మా," అన్నాడాయన.

తర్వాతి ఆదివారం బల్ల మీద కర్నూలులో కొన్న ప్లాస్టిక్ గులాబీలు పెట్టారు. జీవరత్నం మూడు వారాలు వెనక వరసలో కూర్చుంది. నాలుగో వారం నుంచి ఆరాధనకు నంద్యాల పోతోంది. బస్సులో నలభై కిలోమీటర్లు.