డమ్మక్క అసలు నొప్పి

ఆ ఇంట్లో డమ్మీ అన్న మాట రోజుకి పదిసార్లయినా వినపడుతుంది, ఎవరి నోట వస్తే వాళ్ల అర్థంతో వస్తుంది. ఇంటాయన కరెంటు పని చేస్తాడు. స్విచ్‌బోర్డులో స్విచ్ లేని కన్నం కనపడకుండా బిగించే ప్లాస్టిక్ బిళ్ల ఆయనకి డమ్మీ. ఆయన చెల్లెలికి బట్టల కొట్టుంది. అద్దాల వెనక కొత్త బట్టలేసుకుని, కాలు నొప్పనకుండా పొద్దస్తమానం నిలబడే బొమ్మ ఆవిడకి డమ్మీ. ఇక అత్తగారి నోట ఆ మాట వచ్చిందంటే అది కన్నకొడుకు గురించే. "పెత్తనమంతా కోడలిది. మావాడు ఒట్టి డమ్మీ," అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, కొడుకు పక్కనుండగానే. "అంతేగా మరి," అని ఆయన కూడా తలూపుతాడు.

ఎందరు ఎన్నిరకాలుగా వాడుకున్నా, ఆ మాటతో ఉద్యోగం వెలగబెట్టేది మాత్రం కోడలొక్కతే.

ఆమె నర్సుల బడిలో ఆయాగా చేరింది. నేల తుడవడం, దుప్పట్లు మడవడం, పాఠం చెప్పే గదిలో మంచం మీదున్న రబ్బరు రోగికి ఒళ్లు తుడవడం ఆమె పని. ఆ రబ్బరు రోగిని అక్కడ డమ్మీ అంటారు. సూది గుచ్చినా కిక్కురుమనదు. నొప్పెక్కడమ్మా అనడిగితే పైకప్పు చూస్తుంది. దాంతో మాట్లాడాలంటే ఆడపిల్లలకి నవ్వొచ్చేది. ఒకరోజు ఒకమ్మాయి దాని పొట్ట మీద రెండు చేతులూ వేసి పిండి పిసికినట్టు నొక్కుతుంటే, తెర వెనక దుప్పట్లు మడుస్తున్న ఈవిడకి ఒళ్లు మండింది. "అంత గట్టిగా నొక్కితే నొప్పి కాక హాయిగా ఉంటుందా తల్లీ!" అని అక్కణ్ణుంచే అరిచింది. గదంతా గొల్లుమంది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు, ఆలోచనలో పడింది. మర్నాటినుంచి డమ్మీకి గొంతు వచ్చింది, ఈవిడకి డమ్మక్క అన్న పేరు వచ్చింది.

పద్దెనిమిదేళ్లయింది. టీచరమ్మ జబ్బుని చీటీ మీద రాసిస్తుంది, డమ్మక్క బట్టీపట్టి తెర వెనకనుంచి చెబుతుంది. ఈ పద్దెనిమిదేళ్లలో ఆమెకి రాని జబ్బు లేదు. ఆయాసం, గుండెపోటు, విరిగిన కాలు సరే, ఆమె నొప్పులు పడి కన్న పిల్లలతో ఓ బడి నడపొచ్చు. అన్నిట్లోకీ అపెండిక్స్ అంటే ఆమెకి మక్కువ. "నిన్న బొడ్డు చుట్టూ మొదలైందమ్మా. పొద్దుటికి కుడిపక్క కిందకి దిగింది. దగ్గితే ప్రాణం పోతోంది." ఇందులో ఎక్కడ ఆగాలో, ఎక్కడ పళ్లు బిగించాలో ఆమెకి కరతలామలకం. కొత్తగా చేరిన పిల్లలు కళ్లు తుడుచుకున్న రోజులూ ఉన్నాయి. అలాంటి రోజున ఇంటికెళ్లేటప్పుడు ఆమె నడకే వేరు.

అలాంటి మనిషికి ఓ సోమవారం, అన్నం తిని లేవబోతుంటే కుడి పక్కటెముకల కింద ఎవరో మెలితిప్పినట్టయింది. "అమ్మో!" అంది. ఇంట్లో జబ్బులు సాధన చేయడం ఆమెకి అలవాటే గనక, అత్తగారు ఉన్నచోటునుంచి కదలకుండా, "బాగుంది గానీ, ఆ 'అమ్మో'ని ఇంకాస్త సాగదీయి," అంది. మంగళవారం మళ్లీ వచ్చింది. మొగుడు ఫ్యానుకి వైరు చుడుతూ, "ఇదేం జబ్బు? కొత్తదా?" అనడిగాడు.

"నిజంగానే నొప్పయ్యా!"

"గుండెపోటప్పుడూ ఇదే మాటన్నావు. నేను చెప్పులు కూడా లేకుండా డాక్టరు కోసం పరిగెత్తాను, గుర్తులేదా?"

గుర్తుంది. నొప్పికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

బుధవారం పాఠం జ్వరం చూడటం. ఒకమ్మాయి బొమ్మ చంకలో థర్మామీటరు పెట్టి, "ఎలా ఉందమ్మా?" అంది. చలిగా ఉందని మూలిగితే చాలు. కానీ తెర వెనకనుంచి కిటికీలు అదిరేలా కేక వచ్చింది.

"డమ్మక్కా, ఇవాళ మనకి జ్వరమే. అంత అక్కర్లేదు," అంది టీచరమ్మ.

"చచ్చిపోతున్నానే తల్లో!"

ఇరవైమంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నేల మీద ముడుచుకుపోయిన డమ్మక్కకి అవి వినపడ్డాయి. సిగ్గు విడిచి చెప్పాలంటే, అంత బాధలోనూ ఓ క్షణం గర్వపడింది. మరుక్షణం భయం పట్టుకుంది. నేను నిజంగా పోయినా వీళ్లు చప్పట్లే కొడతారు అనుకుంది. పాక్కుంటూ తెర కిందనుంచి బయటికొచ్చింది. చెమటకి జుట్టు మొహానికి అంటుకుపోయింది, పెదాలు పాలిపోయాయి. చప్పట్లు ఆగిపోయాయి.

వీధి దాటితే ఆసుపత్రి. పిల్లలే స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. తల ముందా కాళ్లు ముందా అని గుమ్మం దగ్గర తగువొస్తే, "కాళ్లు ముందు తల్లీ, నేర్పారుగా!" అని ఆ నొప్పిలోనే దిద్దింది డమ్మక్క.

అక్కడో కుర్ర డాక్టరు వంగి, "నొప్పి ఎక్కడమ్మా?" అనడిగాడు.

ఆ ప్రశ్న చెవిన పడటమే ఆలస్యం, పద్దెనిమిదేళ్ల అలవాటు నోరు తెరిచింది. "నిన్న బొడ్డు చుట్టూ మొదలైంది బాబూ. పొద్దుటికి కుడిపక్క కిందకి దిగింది. దగ్గితే ప్రాణం పోతోంది." పళ్లు బిగించాల్సిన చోట బిగించింది కూడా.

డాక్టరు మొహం చింకి చేటంత అయింది. "అచ్చం పుస్తకంలో రాసినట్టే చెప్పారు! అపెండిక్స్. ఆపరేషన్‌కి ఏర్పాట్లు చేయించండి."

తప్పు చెప్పానని డమ్మక్కకి తెలుస్తూనే ఉంది. ఒప్పు ఏమిటో నోటికి రావడం లేదు. చీటీ ఎవరూ రాసివ్వలేదు మరి.

అంతలో వార్డు నర్సు వచ్చింది. ఒకప్పుడు ఈమె కూడా ఆ బడి పిల్లే. చదువుకునే రోజుల్లో గొంతు పెగిలేది కాదని గుసగుసమ్మ అనేవాళ్లు. "వినపడలేదు తల్లీ, నేను చెవిటి రోగిని," అని తెర వెనకనుంచి అనీ అనీ డమ్మక్కే ఆమెకి గొంతు తెప్పించింది. ఇప్పుడామె వార్డుకి ఈ చివర పిలిస్తే ఆ చివర రోగి లేచి కూర్చుంటాడు. ఆమె డాక్టరు రాసిన కాగితం చదివింది, డమ్మక్కని చూసింది, ఫక్కున నవ్వింది.

"డాక్టరుగారూ, ఇది ఈవిడ నొప్పి కాదండీ."

"మరెవరిది?"

"డమ్మీది. మా బ్యాచ్ మొత్తం ఈ నొప్పితోనే పాసయ్యాం. నోరు కింద అంటోంది, చెయ్యి చూడండి, పక్కటెముకల మీంచి కదలట్లేదు." స్టూలు లాక్కుని కూర్చుంది. నవ్వాపి, డమ్మక్క రెండో చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇక్కడ తెర లేదు, టీచరమ్మ లేదు, పరీక్ష లేదు. నీ నొప్పి చెప్పు."

డమ్మక్క నోరు తెరిచింది. ముందు కళ్లనీళ్లు వచ్చాయి. ఎన్ని వందల నొప్పులు చెప్పిందో, ఈ ఒక్కటీ ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు.

"అన్నం తిన్నాక వస్తోందే," అంది చివరికి, చిన్న గొంతుతో. "ఇక్కణ్ణుంచి భుజం దాకా పాకుతోంది."

డాక్టరు ఆ ఒక్క మాటతో స్కాన్‌కి రాసి పరిగెత్తాడు. పిత్తాశయంలో మూడు రాళ్లు కనపడటం, అవి తీసేయడం, నిక్షేపంలాంటి అపెండిక్స్ బతికిపోవడం, అదంతా తరవాతి సంగతి. అప్పటికి మాత్రం డమ్మక్క ఆగలేదు. గట్టు తెగింది. మూడు రోజులుగా చెబుతుంటే ఎవరూ నమ్మలేదంది. అత్తగారు 'అమ్మో'ని సాగదీయమందని చెప్పింది. పన్ను సలుపు, నడుం పట్టు, వర్షాకాలమొస్తే వేళ్ల నొప్పులు, అన్నీ వరసపెట్టింది. నర్సు ఒక్కటీ వదలకుండా రాసుకుంది. మొగుడు టెస్టరు జేబులో పెట్టుకుని రొప్పుతూ వచ్చి, అదంతా విని, "ఇవన్నీ నిజమేనటే?" అంటూ మంచం కమ్మీ పట్టుకున్నాడు. ఈసారీ ఆయన కాళ్లకి చెప్పుల్లేవు.

చక్రాల మంచం తోసుకుంటూ ఒకతను వచ్చాడు. "పదండమ్మా, స్కాన్‌కి."

"ఉండు బాబూ, ఇంకా మోకాలి దాకా రాలేదు," అంది డమ్మక్క.

నర్సు కాగితం తిప్పింది.