ఆడ బాత్రూం ఉంటదా?

మస్కట్ పోతున్నామని చెబితే హైదరాబాద్ పాతబస్తీలో, మా గౌలిపురాలో ఎవరూ నమ్మలేదు. "ఏ కంపెనీ? వీసా వచ్చిందా?" అని అడిగారు. మా వైపు వాళ్లు గల్ఫ్‌కు పనికోసమే పోతారు. ఊరికే చూడటానికి పోతున్నామంటే పాల కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లంతా నవ్వారు.

"గిక్కడి ఎండ సాల్తలేదా అన్నా? ఇమానం ఎక్కి పోయి మరీ మాడుతవా?" అన్నాడు పాల కొట్టాయన.

నేనూ నవ్వాను. కానీ పాల ప్యాకెట్ పట్టుకుని ఇంటికి వచ్చేదాకా ఆ మాటే తలచుకుంటూ నడిచాను.

నేను భయస్తుణ్ణి. బేగంబజార్‌లో మాకు బకెట్లు, మగ్గులు, డబ్బాలు అమ్మే చిన్న కొట్టు ఉంది. గట్టి వాన పడితే గోదాములోకి నీళ్లొస్తాయని భయం. సాయంత్రం షట్టర్ దించి సగం దూరం వచ్చాక తాళం వేశానా లేదా అని భయం. అలాంటివాణ్ణి ఎడారికి టికెట్లు తీసుకున్నానంటే కారణం నా భార్య. పెళ్లయినప్పటి నుంచి ఆమెను గుళ్లకూ, చుట్టాల పెళ్లిళ్లకూ తప్ప ఎక్కడికీ తీసుకుపోలేదు. ఒకరోజు తన ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. పెద్ద ఇసుక గుట్ట. జారుకుంటూ పోయి తిన్నగా సముద్రంలో దిగిపోతోంది.

"చూసినవా? మధ్యల ఏం లేదు. చెట్టు లేదు, రోడ్డు లేదు. ఇసుక అయిపోయిన కాడ నీళ్లు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం నేను చాలా ఏళ్లుగా చూడని ముఖం.

ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ట్రావెల్స్ ఆఫీసులో మాట్లాడి పెట్టింది. మస్కట్‌లో దిగడం, అక్కడి నుంచి జీపులో ఎడారి దాటి ఆ ఇసుక గుట్టల తీరానికి పోవడం, ఒక రాత్రి గుడారంలో ఉండటం. ముగ్గురం. ఎండలు ముదిరేలోపు వెళ్లి రావాలి. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. జీపు ఇసుకలో బోల్తా పడుతుందేమో. దారి తప్పితే ఎవరిని పిలుస్తాం? వడదెబ్బ తగిలితే ఆసుపత్రి ఎంత దూరం? ఫోన్‌లో వెతికి, ఎడారిలో తప్పిపోయినవాళ్ల కథలు చదివి, చదివినందుకు మళ్లీ భయపడేవాణ్ణి. టోపీలు కొన్నాను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొన్నాను. నీళ్లు బాగా తాగాలని ఇంట్లో అందరికీ ఉపన్యాసం ఇచ్చాను.

నా భార్యకు ఇవేవీ పట్టలేదు. ఆమెకు ఒకటే ఫికర్.

"ఆడ బాత్రూం ఉంటదా?"

మొదటిసారి అడిగినప్పుడు నేను టోపీల రంగు చూస్తున్నాను. "ఉంటదిలే" అన్నాను. మర్నాడు అన్నం పెడుతూ అడిగింది. "జీపుల అన్ని గంటలు పోవాలె గద. మధ్యల బాత్రూం ఉంటదా? నువ్వు అడుగు గా ట్రావెల్స్ పిల్లగాన్ని."

అడుగుతానన్నాను. ట్రావెల్స్ ఆఫీసుకు రెండుసార్లు పోయాను కూడా. అక్కడ కూర్చునే కుర్రాడు నన్ను అంకుల్ అని పిలిచి చాయ్ తెప్పించాడు. ఇన్సూరెన్స్ గురించి అడిగాను, జీపు టైర్ల గురించి అడిగాను. ఆ ఒక్కటీ నోట్లోంచి రాలేదు. పక్క కుర్చీల్లో ఎవరెవరో కూర్చుని ఉన్నారు. నా భార్య ఎక్కడ పోతుంది అని అంతమందిలో ఎట్లా అడగను? అదీ నా సిగ్గు. రోజంతా బాత్రూం మగ్గులు అమ్మేవాడికి ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడోసారో నాలుగోసారో ఆమె అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది. అడగలేదని చెప్పలేక వచ్చిన కోపం అది.

"ఏందే నీ లొల్లి! ఎడారిల బాత్రూం ఎవడు కడ్తడు? పొద్దున ఎక్కితే పొద్దుమూకి దిగుడే. అప్పటిదాక ఆపుకోవాలె. ఇప్పట్నించే ప్రాక్టీస్ చెయ్" అన్నాను.

అమ్మాయి నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. "గట్లనా? మరి మన కొట్లకెల్లి ఒక మగ్గన్నా తీస్కపోదాం" అంది. అందరం నవ్వాం. ఆ తర్వాత ఆమె ఆ ప్రశ్న అడగలేదు. ఊపిరి పీల్చుకుని నా భయాలకు నేను తిరిగి వెళ్లిపోయాను.

మా ఇళ్లలో ఆడవాళ్లు ప్రయాణం ఉందంటే నీళ్లు తాగరు. ఫంక్షన్ హాల్‌కు పోయే రోజు, జాతరకు పోయే రోజు, చివరికి ఆసుపత్రికి పోయే రోజు కూడా పొద్దున చాయ్ తాగి ఇక గ్లాసు ముట్టరు. మా అమ్మ అంతే, అక్కలు అంతే. నీళ్ల సీసా నింపి బ్యాగులో పెట్టుకుంటారు, పిల్లలకు తాగిస్తారు, మగవాళ్లకు అందిస్తారు. వాళ్లు మాత్రం పెదవులు తడుపుకుని మూత బిగిస్తారు. ఇది చిన్నప్పటి నుంచి నా కళ్లముందే జరిగింది. ఎందుకని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆమె నిజంగానే ప్రాక్టీస్ మొదలుపెట్టింది. నాకు తెలియదని చెప్పుకోవాలని ఉంది. కానీ తెలుసు. ఒక సాయంత్రం కొట్టు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి చిన్నపిల్లలా చెప్పింది.

"ఇయ్యాల పొద్దున చాయ్ తాగినంక మల్ల ఇప్పటిదాక ఆగిన. ఏం కాలే."

"శభాష్! ఇగ నువ్వు ఎడారికి పక్కా" అన్నాను. చెప్పులు విప్పి లోపలికి పోయి ఫ్యాన్ కింద కూర్చున్నాను. ఆమె నాకు ఒక చెంబు నీళ్లు తెచ్చిచ్చింది. మొత్తం తాగాను.

ఆ చెంబు నాకు తరచుగా గుర్తొస్తుంది.

తర్వాతి రోజుల్లో ఆమె నడుము నొప్పి అంది. కొంచెం జ్వరం అంది. ఎండ అన్నాను. పెదవులు పగిలితే వెన్న రాసుకోమన్నాను. బీపీ మాత్ర వేసుకుంటే బాత్రూంకు ఎక్కువసార్లు పోవాల్సి వస్తుందని దాన్ని కూడా మానేసిందట. ఇది మాత్రం నాకు తర్వాతే తెలిసింది. నేను ఇంట్లోనే ఉన్నాను. మస్కట్ ఎండ గురించి ఫోన్‌లో చదువుతూ.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం గాజులు కావాలంది. సముద్రం దగ్గర ఫోటో దిగేటప్పుడు నీలం గాజులు వేసుకోవాలని ఆశ. లాడ్ బజార్‌లో మాకు తెలిసిన కొట్టు ఒకటుంది. గాజుల భాయ్ మమ్మల్ని చూసి స్టూల్ జరిపాడు.

"బైఠో అమ్మా. మస్కట్ పోతున్నరంట గద, సునా మైనే. నేను ఆరేండ్లు ఉన్న ఆడ. పానీ పియో పహెలే, మొఖం ఎట్లనో అయింది" అని నీళ్ల సీసా అందించబోయాడు.

"వద్దు భాయ్, ఇప్పుడే తాగిన" అంది ఆమె.

అబద్ధం. నాకు తెలుసు అబద్ధమని. నేను గాజుల ధర అడిగాను. ఆమె చెయ్యి చాచింది, భాయ్ నీలం గాజులు ఒక్కొక్కటే ఎక్కించడం మొదలుపెట్టాడు. సగం ఎక్కాక ఆమె "చీకటైతుందేంది?" అంది. బయట కళ్లు చెదిరే ఎండ. ఆ మాట అంటూనే స్టూల్ మీద నుంచి పక్కకు ఒరిగిపోయింది. చెయ్యి అద్దాల బల్లకు తగిలి రెండు గాజులు పగిలాయి.

భాయ్ ఆటోను పిలిచాడు. ఆమె తల నా ఒళ్లో ఉంది. ఒళ్లు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. నేను పేరు పెట్టి పిలుస్తున్నాను, ఆమె పలకడం లేదు. ఎడారిలో జరుగుతుందని భయపడ్డదంతా మదీనా చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో, నా ఒళ్లో జరుగుతోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సెలైన్ పెట్టించి నన్ను అడిగింది. "యూరిన్ ఎప్పుడు పోయింది ఈమె?"

నాకు తెలియదు. నా భార్య కొంచెం కళ్లు తెరిచింది. డాక్టరమ్మ అదే ప్రశ్న ఆమెను అడిగితే, జవాబు చెప్పే ముందు నావైపు చూసింది. ఆ స్థితిలో కూడా సిగ్గుపడింది. నేను బయటికి పోతే గాని చెప్పలేదు.

అమ్మాయి ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది. అప్పటికి డాక్టరమ్మ విషయం చెప్పింది. నీళ్లు లేక ఇన్ఫెక్షన్ అయింది, అది పైకి పాకింది, కిడ్నీలు దాదాపు ఆగిపోయాయి. మంచం పక్కన వేలాడుతున్న ఖాళీ మూత్రం సంచీని చూపించింది. "ఇది నిండాలె. పొద్దటికి నిండకపోతే డయాలసిస్ చూడాలె. అంతకంటే ముందు ఏం చెప్పలేను."

"మమ్మీ ప్రాక్టీస్ చేస్తుందని నీకు ఎర్కనా డాడీ?" అంది అమ్మాయి.

"ఎర్క."

"నేను ఆ రోజు నవ్విన" అంది. "నాకైతే పరాచికం అనుకున్న. నీకు ఎర్క ఉండి..." అని ముగించకుండా పోయి తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

నేను ఆ సంచీ దగ్గర స్టూల్ వేసుకుని కూర్చున్నాను. నేను బతుకంతా నీళ్లు పట్టే సామాన్లు అమ్మాను. ఆ సంచీలాగా దేన్నీ చూడలేదు. ట్యూబులో ఒక చుక్క కదిలినట్టు అనిపించేది. లేచి వంగి చూస్తే గాలి బుడగ. మళ్లీ కూర్చునేవాణ్ణి. ఆమె లేకపోతే అన్న మాట మనసులోకి రాకుండా ట్యూబు పొడవునా చూపు నడిపించేవాణ్ణి. అయినా ఆ మాట వస్తూనే ఉండేది. ఏ దేవుడికి మొక్కాలో కూడా తోచలేదు. ఇలాంటిదాన్ని అడగాలంటే దేవుడి దగ్గర కూడా సిగ్గుపడ్డాను, నిజం.

తెల్లారుతుండగా సంచీ అడుగున కొద్దిగా, చిక్కటి చాయ్ రంగులో, కనిపించింది. నేను నర్సును పిలిచిన పిలుపుకు పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. "పోసింది! చూడున్రి, పోసింది!" అని అరిచాను. ఆ వార్డులో ఎవరూ నవ్వలేదు. పక్క మంచం ముసలమ్మ చేతులు జోడించింది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇంకా గండం గడవలేదు, కానీ డయాలసిస్ ఇప్పుడే వద్దులే అంది.

ట్రావెల్స్ ఆఫీసు తెరిచే వేళకు ఆసుపత్రి నుంచే ఫోన్ చేశాను. కారిడార్ నిండా జనం. ఎడారి దారిలో ఆడవాళ్లకు బాత్రూంలు ఉంటాయా అని అందరికీ వినపడేటట్టు అడిగాను.

"ఎందుకుండవ్ అంకుల్? తొవ్వ పొడుగున పెట్రోల్ బంకులున్నయి, అన్నిట్ల ఉంటయి. క్యాంపుల టెంటుకొకటి. గీ ముచ్చట ముందే అడిగితే చెప్తుంటి గద" అన్నాడు కుర్రాడు.

అంతే. చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఆమెకు పూర్తిగా తెలివి వచ్చాక చెప్పాను. కళ్లు మూసుకునే విని, "నిజంగ అడిగినవా, మల్ల పరాచికమా?" అంది. నా మాట మీద ఆమెకు నమ్మకం లేదు. ఆ ప్రశ్న వినడం ఖాళీ సంచీని చూడటం కంటే తేలికేమీ కాదు. కుర్రాడికి మళ్లీ ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను. అంతా విని, సన్నటి గొంతుతో, "మగ్గు ఉంటదా బాబూ?" అని అడిగింది.

టికెట్లు రద్దు చేశాం. చలికాలంలో చూద్దాం అంటోంది అమ్మాయి. డాక్టరమ్మ ఇంకా ఒప్పుకోలేదు, రక్త పరీక్షలు సాగుతూనే ఉన్నాయి. ప్రతిసారీ రిపోర్టు చేతికి వచ్చేదాకా ల్యాబ్ గుమ్మం దగ్గరే కూర్చుంటాను. ఇంట్లో ఇప్పుడు నీళ్లు నేను తెచ్చిస్తాను, ఆమె తాగేదాకా అక్కడే నిలబడతాను. మొదట్లో విసుక్కునేది, "పోలీసోని లెక్క నిలబడకు" అని. ఇప్పుడు అలవాటైంది.

నిన్న గ్లాసు ఖాళీ చేసి నా చేతికిస్తూ అంది. "ఎడారిల ఉంటదన్నడు, సరే. మరి ఇమానం కోసం కూసుంటం గద గంటలు గంటలు, ఆడ?"

నేను గ్లాసు కింద పెట్టి ఫోన్ తీశాను.