ముఖానికి సూదులు, ఇంటికి వేపమండలు

నా ముఖాన నేనే సూదులు పొడిపించుకుని, మా ఆడపడుచు నిశ్చితార్థాన్ని గోదాట్లో కలపబోయిన వైనం చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, పర్వాలేదు. మా అత్తవారి వైపు చుట్టాలు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది ఆత్రేయపురం దాటాక కాలవగట్టు మీదున్న పల్లెటూరు. మామయ్యది వరి వ్యవసాయం. మా ఆయన శ్రీనుది ఎరువుల కొట్టు. అత్తయ్యది అనుమానం. పాలు పల్చగా ఉంటే నీళ్ళు కలిపాడని అనుమానం, చిక్కగా ఉంటే ఇవాళేంటి ఇంత చిక్కగా పోశాడని అనుమానం. నేనూ ఏం తక్కువ తినలేదు లెండి. కొట్టువాడు అడక్కుండా ధర తగ్గిస్తే, చీరని వెలుగులోకి పట్టుకెళ్ళి చిల్లి కోసం వెతికే రకాన్ని. అనుమానం పెనుభూతమంటారు కదా, మా ఇంట్లో ఆ భూతానికి అత్తాకోడళ్ళం వంతులేసుకుని వండిపెట్టేవాళ్ళం.

ఆడపడుచు లావణ్యకి మంచి సంబంధం వచ్చింది. కుర్రాడు ఓడ మీద ఇంజనీరు. ఆదివారం మా ఇంట్లోనే నిశ్చితార్థం. అది దాటితే మూఢం, మూఢం పోయేసరికి అతను ఓడెక్కేస్తాడు. పైగా అతని మేనత్త తన కూతుర్ని ఇవ్వాలని ఎప్పట్నుంచో కాచుక్కూర్చుంది. తాంబూలాలు పుచ్చుకోకుండా అతను సముద్రం మీదికి వెళ్ళాడంటే సంబంధం చేజారినట్టే. లావణ్యకి ఆ అబ్బాయంటే ఎంత ఇష్టమో, ఫోన్ మోగగానే పెరట్లోకి పరిగెత్తే తీరు చూస్తే తెలిసిపోయేది.

మధ్యలో నా ముఖం ఎక్కడొచ్చిందంటారా? అక్కడికే వస్తున్నా. కాలేజీ రోజుల మొటిమలు పోతూ పోతూ నా బుగ్గల మీద గుంటలు వదిలిపెట్టి పోయాయి. కిందటేడు ఓ పెళ్ళిలో వీడియో తీసే అబ్బాయి కెమెరా నా మీదికి తిప్పి, "మీకు ఫిల్టర్ వేసేస్తాలెండి మేడమ్" అని ఓదార్చాడు. ఓదార్చాడండీ! నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని ఈసారి నిశ్చితార్థంలో నునుపుగా మెరిసిపోవాలని, పంటినొప్పి వంక పెట్టుకుని బుధవారం పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కాను.

స్కిన్ క్లినిక్‌లో డాక్టరమ్మ చేతిలో చిన్న రోలరుంది. రోడ్డు వేసే రోలరుకి పిల్ల పుట్టినట్టుంది. ఒళ్ళంతా సూదులు.

"దీన్ని మైక్రోనీడ్లింగ్ అంటారు. సన్నసన్న గాయాలవుతాయి. అవి మానేటప్పుడు చర్మం కొత్తగా తయారై గుంటలు పూడతాయి" అంది.

గాయం చేసి గాయం మాన్పుతుందట! నాకప్పుడే అనుమానం మొదలైంది.

"దగ్గర్లో ఫంక్షనేమైనా ఉందా?" అనడిగింది.

ఎందుకడుగుతోంది? ఉందంటే ఇంకేదో ఖరీదైనది అంటగట్టడానికి కాదూ! మనకి తెలీదేంటి?

"అబ్బే, ఏం లేదండి" అన్నాను.

"మంచిది. రెండు మూడు రోజులు ఎర్రగా ఉంటుంది, తర్వాత పొట్టు లేస్తుంది. ఎండలో తిరక్కండి. నేనిచ్చే క్రీము తప్ప ఇంకేం రాయకండి. పసుపు అసలే వద్దు."

"ఆయ్, అలాగేనండి" అని తలూపాను. ఊపి, తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కనే కూర్చుని ధవళేశ్వరం బ్యారేజీ పొడుగునా ఎండ మొత్తం బుగ్గలకే పట్టించుకున్నాను. ఇంటికొచ్చి, ముఖం నిండా ముసుగేసుకుని పడుకున్నాను.

తెల్లారి ముసుగు తీశాను. అత్తయ్య చేతిలో కాఫీ గ్లాసు జారిపోయింది.

"అమ్మ బాబోయ్! పిల్లకి అమ్మవారు పోసిందర్రా!"

అద్దంలో చూసుకుంటే అరిచినందుకు ఆవిణ్ణి తప్పు పట్టలేం. ఉబ్బిన ముఖం, దాని నిండా ఎర్రటి చుక్కలు. ఆటలమ్మ కాదంటే ఎవరూ నమ్మరు. నిజం చెప్పేయాల్సింది అప్పుడే. కానీ పంటినొప్పి అబద్ధం గొంతుకి అడ్డం పడింది. ఒక్కరోజు ఓపిక పడితే ఎరుపు తగ్గిపోతుంది, అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిందంటే ఇదే.

అరగంటలో గుమ్మానికి వేపమండలొచ్చాయి. వంటింట్లో పోపు ఆగిపోయింది. నా కంచంలోకి చద్దన్నం, పెరుగు వచ్చాయి. నేను కళ్ళు మూసుకుని ఆలోచిస్తుంటే చల్లగా ఏదో తగిలింది. చూద్దును కదా, అత్తయ్య వేపాకూ పసుపూ నూరి తెచ్చి నా ముఖాన మెత్తుతోంది!

"వద్దత్తయ్యా! మంట!"

"అది అమ్మవారి వేడే తల్లీ! ఓర్చుకో!"

గోరుచుట్టు మీద రోకటిపోటంటారే, నాది సూదిపోటు మీద పసుపుపోటు. మంటకి మంచం చుట్టూ గిరగిరా తిరిగాను. అమ్మవారు పూనిందనుకుని ఆవిడ హారతి కూడా వెలిగించింది.

శుక్రవారం సాయంత్రం వసారాలో మాటలు వినిపించాయి.

"అమ్మవారున్న ఇంట్లో తాంబూలాలేంట్రా? వాళ్ళకి ఫోన్ చేసి ఆదివారం రావద్దని చెప్పేయ్" అంటోంది అత్తయ్య.

శ్రీను ఫోన్ తీశాడు. స్తంభాన్ని పట్టుకుని లావణ్య ఏడుస్తోంది. శబ్దం రాకుండా ఏడుస్తోంది పాపం. ఇంక నా ప్రాణం ఆగలేదు. ముఖాన పసుపుతోనే బయటికొచ్చేశాను.

"అత్తయ్యా, ఇది అమ్మవారు కాదండీ!"

"తప్పు తప్పు! లెంపలేసుకో!"

అలవాటు కొద్దీ వేసుకున్నాను. ఆ బుగ్గల మీదే! చుక్కలు కనబడ్డాయండి. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే క్లినిక్కూ రోలరూ మొత్తం కక్కేశాను.

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ కళ్ళలో ఎప్పుడూ లేని తడి.

"చూశార్రా? ఆడపడుచు సంబంధం చెడిపోకూడదని ఎంత కథ అల్లిందో! డబ్బిచ్చి ముఖాన సూదులు ఎవరైనా పొడిపించుకుంటారా? పిచ్చి పిల్ల!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. అదీ నేను నిజం చెప్పినందుకు కాదు, అబద్ధం చెప్పాననుకుని!

క్లినిక్‌కి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. "బుధవారం నేను అక్కడికి వచ్చానని మా వాళ్ళకి చెప్పండమ్మా."

"పేషెంట్ల వివరాలు ఎవరికీ చెప్పకూడదండీ" అంది అక్కడి అమ్మాయి.

"వచ్చింది నేనేనండీ!"

"అయితే మీకు తెలుసు కదండీ" అని పెట్టేసింది.

"చూశావా?" అంది అత్తయ్య.

వసారాలోనే కూర్చున్న మామయ్య లేచారు. నా ముఖాన పసుపు కడిగించి, కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వేసి, చేలో తెగులు చూసినట్టు నా ముఖం మీదికి వంగి, అత్తయ్యని పిలిచారు.

"ఇలా రావే. ఈ వరసలు చూడు. నిలువు ఇవి, అడ్డం ఇవి. గెడ్డం గట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. మెడ మీద ఒక్కటీ లేదు."

"అయితే?"

"అమ్మవారు వెదజల్లుతుందే గాని, తాడు కట్టి వరసల్లో నాటుతుందా?"

లావణ్య ఏడుపు ఆపి కిసుక్కున నవ్వింది. శ్రీను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నిశ్చితార్థం బతికింది.

అత్తయ్య మాత్రం వేపమండలు విప్పుతూ తాపీగా అంది.

"సరే, సంతోషం. రేపు గుడికి వెళ్ళి గుండు చేయించుకొచ్చేద్దాం."

"గుండేంటండీ?"

"నీ ముఖం చూసి హడిలిపోయి మొక్కుకున్నాను. చల్లగా దిగిపోతే నీ తలనీలాలు ఇస్తానని."

"అసలు అమ్మవారే రాలేదు కదండీ!"

"నా మొక్కు విని గుమ్మంలోనే ఆగిపోయిందేమో, నీకేం తెలుసు? శుభకార్యం ముందు మొక్కు తీరకుండా ఉండకూడదు."

"మొక్కింది మీరైతే జుట్టు నాదాండీ?"

"ముఖం ఎవరిది?" అంది అత్తయ్య.

ఆదివారం మగపెళ్ళివారు దిగారు. నా ముఖం పూతరేకులా పొరలు పొరలుగా రాలుతోంది. పైన నున్నటి గుండు. ఆ మేనత్త నన్ను చూసి, ఈ ఇంట్లో ఏదో ఉందన్నట్టు పెళ్ళికొడుకు తల్లి చెవిలో గుసగుసలాడింది. ఆ తల్లిగారు నా దగ్గరికొచ్చి, "ఏంటమ్మా ఇది?" అనడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది.

"మీ సంబంధం కుదిరితే తలనీలాలిస్తానని మొక్కుకుందండి. వద్దమ్మా వద్దమ్మా అని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆడపడుచంటే అంత ప్రాణం!"

పెళ్ళికొడుకు తల్లి కళ్ళు చెమర్చాయి. "ఇలాంటి వదిన ఉన్న ఇంటి పిల్ల దొరకాలంటే పెట్టి పుట్టాలి. తాంబూలాలు అందుకోండి" అంది. మేనత్త మళ్ళీ మాట్లాడితే ఒట్టు.

పసుపు చేసిన ఘనకార్యానికి బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్లు విడిగా రాయాలి. ఎండకి ముఖం చాటేసుకుని, క్రీములు రాసుకుంటూ నెలలు గడిపాక అవి పోయాయి. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. నాకు బుగ్గలకి మందేస్తే జడ ఊడింది.

ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టనివ్వడం లేదండి. అత్తయ్య ఆ మొక్కు నిజంగా మొక్కుకుందా? లేక పంటినొప్పని చెప్పి వెళ్ళినందుకు, వేపమండలు విప్పుతూ విప్పుతూ అప్పటికప్పుడు పుట్టించిందా? ఎప్పుడు మొక్కారని అడిగితే ఒకసారి కాఫీ గ్లాసు జారినప్పుడంటుంది, ఒకసారి హారతి ఇచ్చినప్పుడంటుంది.

అందుచేత, నెత్తిన ఇప్పుడిప్పుడే చెవుల దాకా పెరిగిన జుట్టు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట సూదంటూ పట్టుకుంటే రవికెకి హుక్కు కుట్టుకోవడానికే పట్టుకుంటాను. డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్ళినా అత్తయ్యని వెంటబెట్టుకునే వెళ్తాను. నా వెనకాల ఆవిడ ఇంకేం మొక్కుకుంటుందో ఎవరు చూడొచ్చారండీ!