గ్లాసుల మీద చెయ్యి

అంజి డ్రోను లేపితే గోదావరి మీది గద్దలు పక్కకు జరిగి దారిచ్చేవట. చూసినవాళ్లు లేరు, చెప్పేది అంజే. ఇంటర్ సగంలో వదిలేసి పెళ్లి వీడియోల్లోకి దిగి పద్దెనిమిదేళ్లయింది. రామగుండం నుంచి రామకృష్ణాపూర్ దాకా తన కెమెరా వైపు చూడకుండా తాళి కట్టించుకున్న పెళ్లికూతురు లేదనేదీ అతని మాటే. గోదావరిఖని శివారులో ఇల్లు. ఇంటి వెనక ఓపెన్‌కాస్టు గని. ఎండాకాలం ఆ ఇంటి గోడ మీద దోసె పోయొచ్చంటాడు. ఇది మాత్రం అబద్ధం కాదు.

ఇంత మొనగాడికి ఈ మధ్య కడుపులో మంట పట్టుకుంది. పెట్టినవాడు సడ్డకుడు సంపత్, అంటే భార్య శోభ చెల్లెలి మొగుడు. సంపత్ తన గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు పంచిన గడియారం ఒకటి అంజి వంటింటి గోడకుంది. కింద ‘సంపత్–సంధ్యారాణి’ అని మొగుడూ పెళ్లాల పేర్లు ఎర్రటి అచ్చు. టైము చూడాలన్నా సడ్డకుని పేరు చదవాల్సిందే. అదే చాలదన్నట్టు, నిన్నగాక మొన్న కెమెరా పట్టిన ఆ సంపత్ ఒక పాటకు వీడియో తీసి యూట్యూబులో పెట్టాడు.

లక్షల మంది చూశారు. చూడనీ. శోభ చూసింది, అదీ బాధ. చూసి ఊరుకుందా?

“మళ్ల పెట్టు” అంది.

తొమ్మిదేళ్ల కాపురంలో అంజి వీడియోల్లో ఒక్కదానికీ ఆ మాట రాలేదు. మొన్నటికి మొన్న మట్టిగుట్టల మీద పన్నెండు మందిని ఎగిరించి, రంగుల పొగ వదిలి, పైనుంచి డ్రోను తిప్పి పాట తీశాడు. శోభ “మంచిగున్నది” అని ఫోను బియ్యం చాట పక్కన పెట్టి రాళ్లు ఏరుకుంది.

“ఏముందే అండ్ల? డ్రోను లేదు, డ్యాన్సు లేదు.”

“నాకేమెరుక? గామె చెయ్యి పెట్టంగనే పానం గుంజుతది.”

అంజి ఆ వీడియోను ఆపి ఆపి ముప్పైసార్లు చూశాడు, తప్పు దొరక్కపోతుందా అని. పొద్దున అలిగి, మాట్లాడకుండా గని డ్యూటీకి పోయిన మొగుడి మీద ఆడమనిషి పాడుకునే పాట అది. జమున అనే అమ్మాయి నటించింది. తలుపులోంచి పడే వెలుగే లైటు. ఆమె అద్దం ముందు తల దువ్వుకుంటుంటే, గనిలో మందు పేల్చే ముందు కూసే బ్లాస్టింగ్ సైరన్ మోగుతుంది. చూపు తిప్పకుండానే ఎడమ చెయ్యి చాపి స్టాండులో గ్లాసుల మీద పెడుతుంది. పాట ఆగుతుంది, డప్పు ఆగుతుంది. ఇల్లు అదురుతుంది. గోడ సున్నం చిటికెడు రాలుతుంది. చెయ్యి తీస్తే ఒక్క గ్లాసు ఇంకా సన్నగా మోగుతూనే ఉంటుంది. అప్పుడు తలుపు వైపు చూస్తుంది. పట్టుమని పది సెకన్లు లేదు.

ఆ చప్పుడు పుట్టిన చోటే మొగుడున్నాడని వేరే చెప్పనక్కర్లేదు. గ్లాసులనైతే పట్టుకుంది. మనిషినెట్లా పట్టుకుంటుంది?

ముప్పయ్యోసారి అంజి తప్పు వెతకడం మరిచి, ఆ గ్లాసు మోత ఆగేదాకా విన్నాడు. దాంతో కోపం రెట్టింపైంది. చార్జరు కావాలనే సాకుతో సంపత్ ఇంటికి పోయాడు.

“గా చెయ్యి పెట్టుడు ఎవలు నేర్పిన్రు తమ్మీ?”

సంపత్ నవ్వాడు. “మీ ఇంట్లనే గదనే అన్నా! కిందటేడు బోనాలప్పుడు నువ్వు నాకు డ్రోను ముచ్చట చెప్పుకుంట కూసున్నవ్ జూడు, గప్పుడే సైరన్ అయింది. వదిన అటు దిరిగి కూర కలుపుతున్నది. కలుపుకుంటనే గ్లాసుల మీద చెయ్యేసింది. నువ్వు చెప్తనే ఉన్నవ్, నేను చూస్తనే ఉన్న.”

చార్జరు మరిచిపోయి అంజి ఇంటికొచ్చాడు. తన ఇల్లు, తన పెళ్లాం, తన గ్లాసులు. దినాం మధ్యాహ్నం మూడింటికి కళ్ల ముందు జరిగేదే. గద్దలను పక్కకు జరిపిన మొనగాడి కళ్లు ఎక్కడికి పోయినట్టు?

“గా వీడియోల ఉన్నది నువ్వే” అన్నాడు శోభతో.

“మొదటి దినమే ఎర్కే.”

“మరి చెప్పవేందే?”

“నువ్వు గుర్తువడ్తవా లేదా అని చూసిన. జల్దినే వట్టినవ్ తియ్!”

మర్నాడు మూడింటికి ముందే అంజి వంటింట్లో ట్రైపాడ్ మీద కెమెరా బిగించాడు. గడియారం కింద శోభను నిలబెట్టి, ఊరికే గ్లాసుల మీద చెయ్యి పెట్టమన్నాడు. ఆధార్ కార్డు ఫొటోకు కూర్చున్నట్టు ఆమె గుడ్లు మిటకరించి కెమెరానే చూసింది. మళ్లీ. మళ్లీ. జమున వందరెట్లు నయం.

“ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండరాదే!”

“ఉండమంటె ఎట్లుంటరయ్యా?” అని శోభ విసుక్కుంటూ కూర వైపు తిరిగింది.

అప్పుడు అసలు సైరన్ మోగింది. ఇల్లు అదిరింది, సద్దుమణిగింది. కెమెరా తిరుగుతూనే ఉన్న సంగతి అంజికి తర్వాత గుర్తొచ్చింది.

దాన్ని ఫోనులోకి ఎక్కించి ఇద్దరూ పీటల మీద కూర్చుని చూశారు. శోభ వెనక్కి తిరక్కుండానే గ్లాసుల మీద చెయ్యేసింది. అంతవరకు సంపత్ తీసినట్టే ఉంది. కానీ పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. అంజిది. అది ఆమె తల మీదుగా పోయి, మేకు మీద ఊగుతున్న గడియారాన్ని గోడకు అదిమి పట్టుకుంది. చప్పుడు ఆగేదాకా వదల్లేదు.

“నేనెప్పుడు వట్టిన?” అన్నాడు అంజి.

“నా పక్కనున్నప్పుడల్ల వడ్తవ్ గదా. నా నెత్తిల పడుతదని. నేను చూస్తనే ఉన్న.” శోభ ఫోను దగ్గరికి జరిగింది. “మళ్ల పెట్టు.”

అంజి పెట్టాడు. చెయ్యి వచ్చింది, గడియారాన్ని పట్టుకుంది, వేళ్ల సందుల్లోంచి ‘సంపత్’ అన్న ఎర్రటి అక్షరాలు కనబడ్డాయి. శోభ చూస్తున్నది తన చేతినా, ఆ పేరునా అని అంజి ఫోను వదిలి ఆమె కళ్లనే ఓరకంట కాపలా కాస్తూ కూర్చున్నాడు.