తొమ్మిదో నంబరు చొక్కాలో ఇద్దరు

నిరుడు మార్చి నెల. శ్రీకాకుళంలో మా పాత బాస్కెట్‌బాల్ కోర్టు గోడకు ఒక రాతి పలక బిగించాలని పాత ఆటగాళ్లు అనుకున్నారు. నలభై ఏళ్ల కిందట, జీతాలిచ్చి ఆడించే ఒక కంపెనీ జట్టును మా ఊరి జట్టు ఆ కోర్టులోనే రెండు పాయింట్ల తేడాతో ఓడించింది. ఆ రోజు ఎవరెన్ని పాయింట్లు వేశారో రాతి మీద చెక్కించాలని వాళ్ల కోరిక.

ఆ ఆటకు లెక్క రాసింది నేనే. నేను చదివింది నాలుగో తరగతి. ఆ మైదానంలో నాది అటెండరు పని. కోర్టు ఊడ్చడం, బంతులకు గాలి కొట్టడం, స్టోరు గది తాళం చూసుకోవడం. అంకెలు గుండ్రంగా రాస్తానని చూసి వ్యాయామం మాస్టారు నన్ను స్కోరర్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పాతికేళ్లు అక్కడి నుంచి లేవలేదు.

స్కోర్ షీటు అంటే ఒక పెద్ద కాగితం. ఎడమ పక్క ఆటగాళ్ల పేర్లు, జెర్సీ నంబర్లు, ఎవరు ఎన్ని ఫౌళ్లు చేశారో. కుడి పక్క ఒకటి నుంచి అంకెలు అచ్చువేసి ఉంటాయి, దాన్ని రన్నింగ్ స్కోర్ అంటాం. స్కోరు ఎంతకు చేరితే ఆ అంకె పక్కన, బంతి బుట్టలో వేసినవాడి నంబరు రాయాలి. మొదటి సగం ఎర్ర పెన్ను, రెండో సగం నీలం పెన్ను. కింద కార్బన్లు పెడతాం. అసలు కాగితం మైదానానికి, కాపీలు జట్లకు. మాస్టారు మొదటి రోజే చెప్పారు, మొహాలు చూడకు, చొక్కా మీద నంబరు చూసి రాయి అని. నేను అలాగే రాశాను.

పలక ఎలా ఉంటుందో ముందుగా ఫోన్లలో పంపుకున్నారు. మూడో రోజు పొద్దున్నే భావనపాడు నుంచి ఎర్రన్న వచ్చాడు. ఆనాటి జట్టులో పదోవాడు, ఈనాటికీ సముద్రం మీద చేపల వేటకు వెళ్లే మనిషి. చేతిలో చేపల సంచి. పని మీద వచ్చినవాడి చేతి చేప నేను ముట్టను. సంచి బయటే పెట్టమన్నాను.

"అప్పా, నా పేరు పక్కన సున్నా ఎట్టీనారు," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. మా వైపు అప్ప అంటే అక్క.

"ముందు కూకో. ఏటి సున్నా?"

"పలక మీద. సింహాసలం, తొమ్మిది నంబరు, పద్దెనిమిది పాయింట్లు. ఎర్రన్న, నంబరు నేదు, సున్నా. మా ఊరోలంతా సూసీసినారు. వలలు బాగుసేస్తన్న కాడికెల్తే 'సున్నా మావా, ఇలగ్రా' అంటన్నారు."

"మరి కంపెనీ జట్టుని నువ్వే ఓడించీనావని ఊరంతా ఎవుడు సెప్పుకోమన్నాడ్రా?"

"ఆడినాను, సెప్పుకున్నాను. బల్ల కాడ కూకొని నువ్వు సూడనేదేటి?"

చూశాను. అందుకే ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

మా జట్టుకు పది మంది, జెర్సీలు తొమ్మిదే. ఎవరు బయటికొస్తే వాళ్ల చెమట చొక్కా విప్పించి ఎర్రన్న తొడుక్కునేవాడు. పెద్ద పోటీల్లో ఇది కుదరదు. మా రిఫరీ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు, చొక్కా వేసుకున్నవాడు ఆ నంబరు మీదున్న ఫౌళ్లు కూడా మోయాలి. ఐదైతే బయటికే. ఆ రోజు మొదటి సగం చివర సింహాచలం మడమ మెలిపడింది. అప్పటికే మూడు ఫౌళ్లు. రెండో సగంలో ఆ చొక్కాతో ఎర్రన్న దిగాడు. నేను తొమ్మిది, తొమ్మిది అని రాసుకుంటూ పోయి, చివరకు మొత్తం కూడి సింహాచలం పేరు ఎదురుగా వేశాను. తప్పు నాది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం నరసన్నపేట బస్సెక్కాం. సింహాచలం ఉండేది అక్కడే, పలక పని చూస్తున్నదీ అతనే.

"రెండో సగం నానే ఆడినాను గదప్పా, మడం కట్టు కట్టించుకొని," అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. నలభై ఏళ్లు అందరూ పొగిడితే అదే జ్ఞాపకమైపోయింది. తన కాపీ తెచ్చి చూపించాడు. "నువ్వు రాసిందే. పద్దెనిమిదికి పద్దెనిమిదీ తొమ్మిదో నంబరే."

కార్బన్‌కు ఎరుపూ నీలమూ ఒకటే. ఏది ఏ సగమో తెలిసే దారి లేదు.

"రాయి సెక్కీవోడు ఎల్లుండి వస్తాడు. ఈలోగా అసలు కాయితం సూపించప్పా, మార్పించీస్తాను."

ఒకప్పుడు స్టోరు గదికి సున్నం వేసినప్పుడు పాత కాగితాలన్నీ తగలబెట్టబోయారు. దళసరివి ఏరి ఇంటికి తెచ్చుకున్నాను. మంచి కాగితాన్ని మంట పాలు చేయడం నాకు చేతకాదు. ట్రంకు పెట్టె అడుగున పరిచాను. ఇంటికొచ్చి చీరలన్నీ తీసి చూస్తే, మూడో పొరలో ఉంది. కలరా ఉండల వాసన, ఒక మూల పురుగు కొట్టింది. తొమ్మిదో నంబరు ఎర్ర సిరాలో మూడు బుట్టలు. నీలం సిరాలో ఆరు.

మర్నాడు ఎర్రన్నను మళ్లీ తీసుకెళ్లి కాగితం సింహాచలం ముందు పరిచాను.

"సివరి బుట్ట పడినప్పుడు నీ కాలెక్కడున్నాదో సెప్పు."

"ఎక్కడేటి, బకెట్లో. తాగే నీల్లు పాడుసేస్తన్నానని నువ్వు తిట్టినావు గదా. హాఫ్ టైమ్‌లో ఎట్టిన కాలు ఆట అయినాకే తీసినాను."

అని ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, నీలం తొమ్మిదుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఒరే ఎర్రన్నా, నీ పన్నెండు పాయింట్లు ఇన్నేల్లూ నాకాడ ఉండిపోనాయిరా."

"ఉంటే ఉన్నాయి బావా. నీ మూడు ఫౌల్లు నాను మొయ్యనేదేటి?"

ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గాని, తప్పు రాసిన మనిషిని కదా, ఆపుకున్నాను.

చెక్కేవాడు ఒకే నంబరు రెండుసార్లు రాశారేంటని నన్నే అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెక్కమని, అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. సింహాచలం, తొమ్మిది, ఆరు. ఎర్రన్న, తొమ్మిది, పన్నెండు.

ఇప్పుడు స్కోరర్ల బల్ల దగ్గర కూర్చునే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. నంబరు చూసే రాయండి. ఆట ఆగినప్పుడు మాత్రం ఒకసారి తలెత్తి, ఆ చొక్కాలో ఎవరున్నారో చూడండి.

పలక బిగించిన వారానికి ఎర్రన్న మళ్లీ సంచితో వచ్చాడు. ఈసారి పనేమీ లేదు కాబట్టి చేపలు తీసుకున్నాను. ఊళ్లో ఏమంటున్నారని అడిగాను.

"ఏటంటారప్పా," అన్నాడు, తీరిగ్గా కూర్చుంటూ. "పన్నెండు మావ అంటన్నారు."