అడకత్తెరతో కోసిన గోళీ

మా అవ్వ గురించి మాట్లాడేటప్పుడు నాకు పొగరు వస్తుందని మా ఆయన అంటాడు. వస్తే వచ్చింది! నన్ను సాది ఇంతదాన్ని చేసిన మనిషి. ఆ మాత్రం పొగరు లేకపోతే ఎట్లా?

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను నల్లగొండలో ఒక దవాఖానలో నర్సుగా చేస్తున్నాను. ముసలితనాన్ని వెనక్కి మళ్లించొచ్చా, కనీసం దాని నడక తగ్గించొచ్చా అని అక్కడ ఒక గోళీని పరీక్షించడం మొదలుపెట్టారు. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త గోళీ. ఎవరికి ఏది పడిందో ఇచ్చే మాకు కూడా తెలియదు. ఆరోగ్యంగా తిరుగుతున్న ముసలివాళ్లు కావాలనగానే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. లోకం సంగతి ఏమో గానీ ఆ మందు మా అవ్వకు పనిచేయాలి, ఆమె ఇంకా చాలా ఏళ్లు ఇట్లాగే నిటారుగా నడవాలి. నా ఆశంతా అదే.

మా ఊరు మర్రిగూడ నుంచి అవ్వ ఒక్కతే రాలేదు. పక్కింటి స్నేహితురాలిని వెంటబెట్టుకొని వచ్చింది. అవ్వ ఆమెను సోపతి అనే పిలుస్తుంది. ఇద్దరూ ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్లుగా వచ్చారు. మావాళ్లది గొర్ల మంద. ఎండాకాలం వస్తే అవ్వ మందతో పాటు నందికొండ దిక్కు పోయి, వానలు పడేదాకా కృష్ణ నీళ్లు తాగేది. అదే ఆమెను కాపాడిందని మా ఊళ్లో అంటారు. సోపతి కూలికి పోయే మనిషి. ఊరు కదల్లేదు, ఏడాది పొడుగునా ఫ్లోరైడు బోరు నీళ్లే తాగింది. ఇంటింటికీ నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చేనాటికి ఆమె నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. నడిచేటప్పుడు ఆమెకు కనిపించేది నేలే.

పిడికిలి బలం చూసే పరికరాన్ని అవ్వ ఒక్క నొక్కు నొక్కింది. అది చెడిపోయిందేమోనని డాక్టరు మళ్లీ నొక్కమన్నాడు.

"మల్లెందుకు సారూ? పొట్టేళ్లను పట్టి ఆపిన చెయ్యి గిది!"

గదిలో అందరూ నవ్వారు. అవ్వను తీసుకున్నారు. ఎముకలు దెబ్బతిన్నవాళ్లు ఈ పరీక్షకు పనికిరారని సోపతిని వద్దన్నారు. ఆమె బయట బెంచీ మీద కూర్చొని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత అవ్వ నెలనెలా ఖాళీ డబ్బా తెచ్చి ఇచ్చి, గోళీలున్న డబ్బా తీసుకుపోయేది. తోడు ఎప్పుడూ సోపతే. ఒకసారి డాక్టరు ఖాళీ డబ్బా బోర్లించి చూసి తెగ సంబరపడ్డాడు.

"ఒక్క పూట కూడా తప్పలేదు. అందరూ నీలాగా వేసుకుంటే మాకు ఇంకేం కావాలమ్మా!"

నేను పక్కన మురిసిపోతూ నిలబడ్డాను. అవ్వ మొహం మాత్రం చిన్నబోయింది.

"గంతగనం మెచ్చుకోకు సారూ. నేను సగమే తిన్న."

"మిగతా సగం?"

"మా సోపతి తిన్నది. రోజు అడకత్తెరతోని చెరిసగం కోస్తున్న."

వక్కలు కోసే అడకత్తెర! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. డాక్టరు వెంటనే సోపతిని లోపలికి పిలిపించాడు. నాడి చూశాడు, రక్తం తీయించాడు. అంతా బాగానే ఉందని తేలాక నేను అవ్వ మీద విరుచుకుపడ్డాను.

"గీ మందు ఎముకలకు కాదని నీకు చెప్పలేదా? ఆమెకేమన్న అయితే ఎట్ల?"

"ఇచ్చుడు తప్పయితే తప్పే. కాని పనిచెయ్యదని నీకెట్ల ఎరుక? మీకే ఇంకా ఏం ఎరుకలేదంటివి గద! అది ఒక్కపారి తలెత్తి మొగులు చూడాలంటది. చూస్తదేమోనని ఇచ్చిన."

నేను డాక్టరు వైపు చూశాను.

డాక్టరు మంచివాడు. "నిజం చెప్పావు కాబట్టి పైవాళ్లతో మాట్లాడతాను. ఇక మీదట మొత్తం గోళీ నువ్వే వేసుకుంటానంటే నిన్ను ఉంచుకోవచ్చు," అన్నాడు.

నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను. "ఒప్పుకో అవ్వా, నీ కాళ్లు మొక్కుత."

అవ్వ తలుపు అవతల బెంచీ వైపు చూసింది. "పొద్దుగాల ఇద్దరం ఒక్క అరుగు మీద కూసుంటం సారూ. అది చూస్తుంటే నేనొక్కదాన్నే ఎట్ల మింగాలె? నాకు గొంతు దిగదు. ఇంకెవరికన్న ఇయ్యి."

కుర్చీ చేతులు పట్టుకోకుండానే లేచి బయటికి నడిచింది.

బస్టాండు దాకా నేను కోపంతో ముందు నడిచాను. వెనక సోపతి అవ్వను తిడుతూ నడిచింది. "ఈ పాడు నడుము కోసం మంచి మందు పోగొట్టుకుంటివి. బుద్ధి ఉన్నదానే నీకు?"

"నోర్మూస్కొని ఎక్కు," అని అవ్వ ఆమె చంకలో చెయ్యి వేసి బస్సు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టింది. తర్వాత మెట్టు దగ్గరికి వచ్చి నన్ను చూసింది.

"నీ నౌకరి పోతదని ఫికరా?"

"కాదు."

"మరెందుకు ఏడుస్తున్నవ్?"

"నువ్వు నాకు శానా దినాలు ఉండాలె అవ్వా."

గరుకు చేత్తో నా చెంపలు తుడిచింది. "ఉంటనే పిచ్చిదానా. అది గూడ ఉండాలె గద!"

అలాంటి మందుల పరీక్షల్లోనే నేను ఇప్పటికీ పనిచేస్తున్నాను. ముసలితనం మెడలు వంచే మందు ఏదో ఒక రోజు వస్తుందనే నా నమ్మకం. ఆ రోజు మాత్రం బస్సు పోయాక కళ్లు తుడుచుకొని దవాఖానకు తిరిగొచ్చాను. అప్పటికే కబురు వరండా అంతా పాకింది. వరుసలో నిలబడ్డ ఒకాయన నవ్వుతూ అడిగాడు, గోళీని అడకత్తెరతో కోసుకొని తిన్న ఆ ముసలమ్మ ఎవరని.

"మా అవ్వ," అన్నాను, వరండాలో ఆ చివరి దాకా వినపడేటట్టు.